డ్రోన్ ఫోటోలు తెల్లబారుతున్నాయంటే కొత్త డ్రోన్ కొనాలా?

దేవరకొండ ప్రాంతంలో పెళ్లిళ్ల ఫోటోలు తీసే సోదరుడొకరు అడిగిన ప్రశ్నకు ఇది సమాధానం. ఆయన దగ్గర ఉన్నది 249 గ్రాముల డీజేఐ మినీ 2 డ్రోన్. ఆయన చెప్పిన ఇబ్బందులు మూడు. దూరపు గుట్టలు వెలవెలబోయి తెల్లగా వస్తున్నాయి. వరి పొలాల్లో ఆకు ఆకుగా కనిపించవలసింది పోయి పచ్చరంగు పులిమినట్టు ఉంటోంది. ఫోన్‌లో చూస్తే బాగున్న ఫోటో, ఆల్బమ్‌లో వేయిస్తే నాయిస్‌తో, అంటే రంగు చుక్కల గరుకుతో, నిండిపోతోంది. పెద్ద సెన్సర్ (వెలుతురును చిత్రంగా మార్చే చిప్) ఉన్న డ్రోన్ కొంటే ఇవన్నీ పోతాయా అని ఆయన అడిగారు.

సూటిగా చెప్పాలంటే, ఇప్పుడే కొనవద్దు. మీరు పెట్టిన ఫోటోల ఫైళ్లలో వేళ, ఎత్తు, షట్టర్ వివరాలు అలాగే ఉన్నాయి. అవన్నీ ఏప్రిల్ చివర, ఉదయం పదకొండుకూ మధ్యాహ్నం రెండింటికీ నడుమ, దాదాపు 120 మీటర్ల ఎత్తున, ఆటో సెట్టింగులతో జెపెగ్‌గా, అంటే డ్రోన్ తానే కుదించి ఇచ్చే మామూలు ఫోటో ఫైలుగా, తీసినవి. ఇదే వేళకు ఇదే ఎత్తు నుంచి లక్షల రూపాయల డ్రోన్‌తో తీసినా గుట్టలు తెల్లగానే వస్తాయి, కాకపోతే ఆ తెల్లదనం మరింత స్పష్టంగా కనిపిస్తుంది. మీ ఫోటోల నాణ్యతను తగ్గిస్తున్న వాటిలో సెన్సర్ స్థానం ఐదోది అవుతుంది. దానికంటే ముందు వెలుతురు, గాలి, దూరం, ఎక్స్‌పోజర్ (కెమెరాలోకి ఎంత వెలుతురు రానిస్తామన్నది) ఉన్నాయి. ఆ వరుసలోనే చెబుతాను.

వెలుతురు సంగతికి వస్తే, పొద్దునో సాయంత్రమో తీయమని అందరూ చెబుతారు గాని, ఆ మాట ఏడాది పొడవునా ఒకే తీరుగా వర్తించదు. మన జిల్లాలు 16, 17 డిగ్రీల ఉత్తర అక్షాంశాల దగ్గర ఉన్నందువల్ల ఏడాదికి రెండు రోజులు మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. హైదరాబాదులో అది మే 9న, ఆగస్టు 3న జరుగుతుంది. దక్షిణాన ఉన్న నల్లగొండ, మహబూబ్‌నగర్‌లలో మేలో ఒకటి నుంచి మూడు రోజులు ముందుగా, ఆగస్టులో అంతే ఆలస్యంగా జరుగుతుంది. నేల మీద నిలబడి తీసేవాడికి నడినెత్తి ఎండ వల్ల ముఖాల మీద నీడలు పడతాయన్నదే బాధ. పైనుంచి చూసే డ్రోన్‌కు అంతకంటే పెద్ద నష్టం ఉంది. నీడ పూర్తిగా వస్తువు కిందికి దూరిపోవడం వల్ల చెట్టుకూ నేలకూ, గట్టుకూ మడికీ, బండకూ బండకూ మధ్య తేడా చూపే గీత ఏదీ మిగలదు. మనం స్పష్టత అనుకునే దానిలో సగం నిజానికి ఈ చిన్న చిన్న నీడలే. అవి లేని ఫోటోను ఎంత షార్ప్ చేసినా చదునుగానే ఉంటుంది.

డిసెంబరు చివరలో పరిస్థితి వేరు. అప్పుడు మన దగ్గర మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు ఆకాశంలో దాదాపు 50 డిగ్రీల ఎత్తుకు మించి రాడు. మే మొదట్లో అదే ఎత్తుకు ఉదయం 9:20 ప్రాంతంలోనే చేరుకుంటాడు. అంటే చలికాలపు మధ్యాహ్నం పన్నెండు గంటల వెలుతురు, వేసవిలో తొమ్మిదింబావు వెలుతురుతో సమానం. కాబట్టి చలికాలపు ముహూర్తాల్లో పగలంతా నిశ్చింతగా తీయవచ్చు. ఏప్రిల్, మే నెలల ముహూర్తాల్లో మాత్రం పొలాలు, గుట్టలు, ఊరి విహంగ దృశ్యాలను ఎనిమిదిన్నర లోపు ముగించుకోవాలి, లేదా సాయంత్రం నాలుగున్నర దాకా ఆగాలి. ఎండాకాలంలో మధ్యాహ్నం ఎగరేయకపోవడం యంత్రానికి కూడా మంచిది. మినీ 2కు తయారీదారు చెప్పిన గరిష్ఠ ఉష్ణోగ్రత 40 డిగ్రీలు, మన నల్లగొండ ఎండ దాన్ని సునాయాసంగా దాటుతుంది. పైగా కాలిన బండల మీద నుంచి లేచే వేడిగాలి అలల వల్ల దూరపు వస్తువుల అంచులు వణికినట్టు వస్తాయి. దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా సరిచేయలేదు.

సూర్యుడు ఏ వైపున ఉండాలన్నది కూడా ముఖ్యం. వీపు వెనక సూర్యుణ్ణి పెట్టుకుని తీయడం మనకు అలవాటు, అయితే పైనుంచి తీసేటప్పుడు అది అంత మంచిది కాదు. సూర్యుడికి సరిగ్గా ఎదురుదిశలో, అంటే డ్రోన్ నీడ పడే చోటు చుట్టూ, ప్రతి ఆకూ తన నీడను తానే కప్పేసుకుంటుంది. అందుకే పొలం మధ్య ఒక తెల్లని మచ్చ కనిపిస్తుంది. మీ రెండో ఫోటోలో మీరు లెన్స్ లోపం అనుకున్నది అదే. సూర్యుడు ఎడమనో కుడినో ఉండేలా నిలిపితే వరి సాళ్లు, పత్తి చాళ్లు, బత్తాయి తోటల వరుసలు తమంత తామే లేచి కనిపిస్తాయి.

ఇక గుట్టలు తెల్లబారడం గురించి. డ్రోన్‌ను 120 మీటర్లకు లేపి కెమెరాను అడ్డంగా దూరానికి తిప్పినప్పుడు, కెమెరాకూ ఆ గుట్టకూ మధ్య పది, పదిహేను కిలోమీటర్ల గాలి ఉంటుంది. ఆ గాలిలోని దుమ్ము, పొగ, తేమ ఎండను అన్ని వైపులా చెదరగొట్టి, నల్లగా ఉండవలసిన చోటికి కూడా తెల్లని వెలుతురును చేరుస్తాయి. అదే డ్రోన్‌ను 60 మీటర్లకు దించి కెమెరాను 30 డిగ్రీలు కిందికి వంచితే, చూపు 120 మీటర్ల దూరంలోనే నేలను తాకుతుంది. పది కిలోమీటర్ల గాలికి బదులు వంద మీటర్ల గాలి! రంగుల్లో, నలుపుల్లో వచ్చే తేడా చూస్తే డ్రోన్ మార్చారా అని మీ వాళ్లే అడుగుతారు. ఆకాశం ఫ్రేములో తప్పనిసరిగా ఉండాలన్న నియమం ఏదీ లేదు. తెల్లని ఆకాశాన్ని బయట పెట్టేస్తే ఎక్స్‌పోజర్ చిక్కు కూడా సగం తీరుతుంది.

గాలి ఎప్పుడు శుభ్రంగా ఉంటుందో మన ప్రాంతం వారికి ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. ఒక పెద్ద వాన పడి వెలిసిన మర్నాడు, ముఖ్యంగా ఆగస్టు నుంచి అక్టోబరు దాకా, చెరువులు మత్తడి దుంకే రోజుల్లో, నల్లగొండ లతీఫ్ సాహెబ్ గుట్ట మీది రాళ్లు దూరం నుంచి కూడా విడివిడిగా కనిపిస్తాయి. మీరు ఊరి దృశ్యాలను, కోటలను, చెరువులను ఆ నెలల్లోనే తీసి నిల్వ చేసుకుంటే వేసవి పెళ్లిళ్ల ఆల్బమ్‌లకు నేపథ్యాలుగా పనికివస్తాయి. వానకాలం, యాసంగి వరి కోతలు అయ్యాక కొయ్యకాళ్లు కాల్చే రోజుల్లో పొగ నేలకు దగ్గరగా పరుచుకుని ఉంటుంది. చలికాలంలో తెల్లవారుజామున గాలి కదలదు కాబట్టి ఆ పొగ పైకి పోదు. అటువంటి రోజుల్లో సూర్యోదయపు ఫోటో పిచ్చి మానుకుని, తొమ్మిది దాటి మంచు విడిచాక తీయడమే తెలివైన పని. మంచునే ఫోటోలో విషయంగా చేయదలిస్తే అది వేరే మాట.

పోలరైజర్ ఫిల్టర్ గురించి కూడా అడిగారు. అది పొగమంచును కొంతవరకే తగ్గిస్తుంది. సూర్యుడికి 90 డిగ్రీల దిశలో చూస్తున్నప్పుడే దాని ప్రభావం ఎక్కువ. దాని అసలు ఉపయోగం నీళ్ల మీద, తడి ఆకుల మీద కనిపించే మెరుపును తీసివేయడంలో ఉంది. నాటు వేసిన మడుల్లో, పానగల్లు ఉదయసముద్రం వంటి చెరువు అంచుల్లో రంగులు నిండుగా రావడానికి అది బాగా పనిచేస్తుంది. అయితే గాలిలో ఉండగా దాన్ని తిప్పలేం కనుక, ఏ దిశలో తీయబోతున్నారో ముందే అనుకుని, అటు తిరిగి నేల మీదే సరిచేసి బిగించాలి. ఆకాశం ఎక్కువగా ఉన్న ఫ్రేములో, మన వెడల్పాటి లెన్స్ వల్ల, ఒక మూల ముదురు నీలం, మరో మూల లేత నీలం వస్తుంది. అక్కడ వాడవద్దు. ఎన్‌డీ ఫిల్టర్ (వెలుతురును తగ్గించే నల్లద్దం) వీడియోకు కావాలి, నిశ్చల చిత్రానికి దాని అవసరం దాదాపు లేదు. వీడియో ముగించి ఫోటోకు వచ్చినప్పుడు ఎన్‌డీని తీయకపోతే షట్టర్ నెమ్మదించి, ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం) పెరిగి, మీరు చెప్పిన నాయిస్ అక్కడి నుంచే పుట్టవచ్చు.

వరి పొలం రంగు పులిమినట్టు రావడానికి కారణం లెక్కలోనే దొరుకుతుంది. మీ కెమెరా 12 మెగాపిక్సెళ్లది, సెన్సర్ 1/2.3 అంగుళాలది. ఆ సెన్సర్, ఆ లెన్స్ కలిసి 100 మీటర్ల ఎత్తు నుంచి నిట్టనిలువుగా చూస్తే నేల మీద సుమారు మూడున్నర సెంటీమీటర్ల చోటు ఒక్క పిక్సెల్‌లో పడుతుంది. 60 మీటర్లకు దిగితే అది రెండు సెంటీమీటర్లు, 30 మీటర్లకు దిగితే ఒక సెంటీమీటరు. వరి ఆకు వెడల్పు సెంటీమీటరు అటూ ఇటూ ఉంటుంది. కాబట్టి 100 మీటర్ల నుంచి మూడు ఆకులు ఒకే చుక్కగా మారిపోతాయి, వాటిని విడదీయమని సెన్సర్‌ను అడగడం న్యాయం కాదు. ఆ మీదట డ్రోన్ తానే జెపెగ్ తయారు చేసేటప్పుడు నాయిస్ తీయడానికి చిన్న వివరాలన్నిటినీ నున్నగా చేసేస్తుంది. ఆకుల సందడి దానికి నాయిస్ లాగే కనిపిస్తుంది. మీరు చూస్తున్న పులిమిన పచ్చదనం ఈ రెండింటి ఫలితం. అనుమతించిన ఎత్తు 120 మీటర్లు కాబట్టి అంత ఎత్తుకూ వెళ్లి తీరాలన్న ఆశను వదులుకోండి. పొలాలకూ ఇళ్లకూ 25 నుంచి 50 మీటర్లు చాలా సందర్భాల్లో సరిపోతుంది. చెట్లు, కరెంటు తీగలు చూసుకుని దిగాలన్నది మాత్రం మరవవద్దు.

జెపెగ్‌ను వదిలి రా ఫైలుకు మారండి. మీ మినీ 2లో డీఎన్‌జీ రూపంలో ఆ సౌకర్యం ఉంది. దానికంటే ముందు వచ్చిన మావిక్ మినీలో లేదు, కాబట్టి ఆ మోడల్ ఉన్నవారికి ఈ సలహా వర్తించదు. జెపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లే ఉంటాయి. పైగా తెల్లదనం, రంగు సమతుల్యత, షార్ప్‌నెస్ అన్నీ ముందే వండి అందులో పెట్టేసి ఉంటాయి. రా ఫైలులో సెన్సర్ చూసినది చూసినట్టు ఉంటుంది, పొగమంచు వల్ల ఇరుకైపోయిన రంగులను సాగదీసినప్పుడు మెట్లు మెట్లుగా చీలిపోకుండా నిలబడేది అదే. మొదట్లో రా ఫైలు చూసి నిరుత్సాహపడతారు, ఎందుకంటే అది పాలిపోయి, మూలలు నల్లగా, అంచులు కొద్దిగా వంగి కనిపిస్తుంది. లెన్స్ అసలు స్వరూపం అది. జెపెగ్‌లో డ్రోన్ దాన్ని మనకు తెలియకుండా సరిచేసేది, ఇప్పుడు ఆ పని మనం చేసుకోవాలి.

ఎక్స్‌పోజర్ విషయంలో మన నేలకు ఒక ప్రత్యేకత ఉంది. ఒకే ఫ్రేములో ఎర్ర చెల్క, ముదురు పచ్చని తోట, ఎండలో తళతళలాడే తెల్లని గ్రానైటు బండ, ఆపైన ఆకాశం ఉంటాయి. ఆటో సగటు తీసుకుని బండనూ ఆకాశాన్నీ కాల్చేస్తుంది. పూర్తిగా తెల్లబడి పోయిన చోట రా ఫైలులో కూడా ఏమీ మిగలదు, నీడలో దాగినది మాత్రం చాలావరకు తిరిగి వస్తుంది. అందుచేత మాన్యువల్‌కు మార్చి, ఐఎస్ఓను 100 దగ్గర స్థిరంగా ఉంచి, హిస్టోగ్రామ్‌ను (నలుపు నుంచి తెలుపు దాకా వెలుగు ఎంతెంత ఉందో చూపే పటాన్ని) తెర మీదికి తెచ్చుకుని, దాని కుడి కొస గోడను తాకకుండా దగ్గరగా నిలిచేదాకా షట్టర్‌ను సర్దండి. అతిగా తగ్గించడం కూడా తప్పే. ఇంత చిన్న సెన్సర్‌లో రెండు మూడు స్టాపులు (ఒక్కో స్టాపుకు వెలుతురు సగమవుతుంది) తక్కువగా తీసి తరువాత పైకి లేపితే నీడల్లో రంగు రంగుల నాయిస్ లేస్తుంది, మీ ఆల్బమ్ ఫోటోలో కనిపించినది చాలావరకు అదే. మినీ 2లోని ఏఈబీ (వేర్వేరు ఎక్స్‌పోజర్లతో వరసగా తీసే ఏర్పాటు) మూడు ఫ్రేములను మూడింట రెండు స్టాపుల తేడాతో మాత్రమే తీస్తుంది. ఎండకూ నీడకూ ఉన్న అంతరం పెద్దదైతే అది చాలదు. డ్రోన్‌ను కదలకుండా నిలిపి, షట్టర్‌ను మీరే మార్చుతూ ఒకటిన్నర, రెండు స్టాపుల తేడాతో మూడు తీసుకుని తరువాత కలపడం మేలు.

వైట్ బ్యాలెన్స్‌ను (తెలుపు తెల్లగా వచ్చేలా రంగులను సరిచేసే సెట్టింగును) ఆటోలో వదలవద్దు. ఆటో విధానం ఫ్రేములోని రంగులన్నీ కలిస్తే బూడిద రంగు రావాలన్న ఊహ మీద నడుస్తుంది. దున్నిన ఎర్ర చెల్క ఫ్రేము నిండా ఉంటే, ఎరుపు ఎక్కువైందనుకుని నీలం, పచ్చల వైపు లాగుతుంది. మన ఎర్రమట్టి మట్టిలా కాక సిమెంటులా కనిపించేది అందుకే. ఎండలో 5,200 నుంచి 5,500 కెల్విన్ మధ్య ఒక అంకె పెట్టి అలాగే ఉంచండి. రా ఫైలులో తరువాత మార్చుకోవచ్చన్నది నిజమే గాని, ఒకే ఊరి ఫోటోలు ఇరవై ఇరవై రంగుల్లో ఉంటే వాటిని కలిపి ఆల్బమ్ పేజీ చేసేటప్పుడు డిజైనర్ పడే బాధ మీకు తెలియనిది కాదు.

షట్టర్ విషయం కొద్దిగానే చెప్పాలి. డ్రోన్ గాలిలో నిలకడగా ఉన్నప్పుడు సెకనులో నూరో వంతు చాలు, గాలి తోస్తున్నప్పుడు రెండు వందలకు పైన పెట్టండి. కదులుతూ తీయడం, ముఖ్యంగా వెంచర్ల కోసమో చెరువు శిఖం హద్దుల కోసమో మ్యాపింగ్ చేస్తూ తీయడం వేరు. సెకనుకు 8 మీటర్ల వేగంతో పోతూ 1/200 వద్ద తీస్తే షట్టర్ తెరిచి ఉన్న కాస్త వ్యవధిలోనే డ్రోన్ 4 సెంటీమీటర్లు కదులుతుంది. 100 మీటర్ల ఎత్తున అది పిక్సెల్ కంటే ఎక్కువ కాబట్టి అంచులు చెరుగుతాయి. వేగం సగానికి తగ్గించినా, షట్టర్‌ను 1/500కు పెంచినా ఆ చిక్కు తీరుతుంది.

పరికరం శుభ్రత గురించి రాయడం కొందరికి చిన్నతనంగా తోచవచ్చు, అయినా ఫోటో మసకగా ఉందని పంపేవారిలో చాలామంది సమస్య అక్కడే తీరిపోతుంది. దున్నిన చేను గట్టు మీద నుంచి లేపితే రెక్కల గాలికి లేచిన సన్నని ఎర్రదుమ్ము నేరుగా లెన్స్ మీద కూర్చుంటుంది. ఎదురెండలో ఆ పొర వెలిగి ఫోటో అంతా తేలిపోతుంది. ఒక ల్యాండింగ్ మ్యాట్ గాని, లేకపోతే కారు పైకప్పు కాకుండా గట్టి అట్టముక్క గాని పరుచుకోండి. కారు ఇనుము దిక్సూచిని తికమక పెడుతుంది. లెన్స్‌ను చొక్కా కొసతో తుడవవద్దు. ముందు బ్లోయర్‌తో దుమ్ము ఊది, తరువాత మైక్రోఫైబర్ గుడ్డతో మెల్లగా తుడవాలి. రెక్క అంచు గోటికి తగిలేంత చిట్లినా అది వణుకును గింబల్ (కెమెరాను నిలకడగా పట్టే అమరిక) దాకా చేరుస్తుంది. అప్పుడు ఒక మోటారుకు ఉన్న రెండు రెక్కలనూ కలిపి మార్చాలి. దిగంతరేఖ ఒరిగి వస్తుంటే చదునైన చోట గింబల్ క్యాలిబ్రేషన్ చేయండి.

ఇక ఆల్బమ్ విషయానికి వద్దాం, ఎందుకంటే మీ వృత్తికి కావలసినది అదే. మీ ఫోటో 4000 పిక్సెళ్ల వెడల్పు, 3000 పిక్సెళ్ల ఎత్తు ఉంటుంది. అంగుళానికి 300 చుక్కల లెక్కన అది 13 అంగుళాల వెడల్పుకే సరిపోతుంది. మీ ల్యాబ్‌లో వేయించే కరిజ్మా ఆల్బమ్ విప్పితే 12కు 36 అంగుళాలు. ఒక్క డ్రోన్ ఫోటోను ఆ రెండు పేజీల మీదా పరిచారంటే అంగుళానికి 111 చుక్కలే మిగిలాయి, నిష్పత్తి కోసం పైనా కిందా సగానికి పైగా కోసేశారు కూడా. ఫోన్ తెర మీద కనిపించని నాయిస్ అక్కడ బయటపడటంలో వింత లేదు. గుడి ముందు కట్టే పది అడుగుల ఫ్లెక్సీకి మాత్రం ఇదే ఫైలు హాయిగా సరిపోతుంది. దాన్ని ఎవరూ జానెడు దూరం నుంచి చూడరు.

ఆ రెండు పేజీల చిత్రానికి మార్గం, ఒకే ఫోటోకు బదులు మూడు ఫోటోలను పక్కపక్కన తీసి కలపడం. గుట్ట మొత్తం ఒకే ఫ్రేములో పట్టేంత దూరం నుంచి కాకుండా, దానికి బాగా దగ్గరికి వెళ్లి, ఎక్స్‌పోజర్‌నూ వైట్ బ్యాలెన్స్‌నూ కదలకుండా బిగించి, ఎడమ నుంచి కుడికి డ్రోన్‌ను తిప్పుతూ ప్రతి ఫ్రేములో దాదాపు 40 శాతం పక్కదానితో కలిసేలా మూడు తీయండి. కలిపాక 7,000 నుంచి 8,000 పిక్సెళ్ల వెడల్పు వస్తుంది. అంటే 36 అంగుళాలకు అంగుళానికి 200 చుక్కలు అటూ ఇటూ. ఆల్బమ్‌కు అది చాలు. దేవరకొండ కోట గోడలు గుట్ట మీద పాకుతూ పోయే తీరుకు ఈ పద్ధతి అతికినట్టు సరిపోతుంది. ఒక ఇబ్బంది ఉంది. చెరువు కట్ట, తారురోడ్డు వంటి సరళరేఖలు ఫ్రేముకు అడ్డంగా ఉంటే విల్లులా వంగుతాయి. అటువంటి చోట్ల డ్రోన్‌ను తిప్పడం మాని, కట్టకు సమాంతరంగా జరుపుతూ తీయాలి.

నాయిస్‌కు కూడా ఇలాంటి ఉపాయమే ఉంది. సంధ్యవేళ, దీపాలు పెట్టిన ఫంక్షన్ హాలును తీసేటప్పుడు ఐఎస్ఓ పెంచే బదులు, గాలి లేని సమయం చూసి, ఒకే చోట నిలిపి అవే సెట్టింగులతో నాలుగు ఫోటోలు తీసి, ఫోటోషాప్‌లో ఒకదాని మీద ఒకటి సర్ది సగటు తీయండి. నాయిస్ సగానికి పడిపోతుంది. తొమ్మిది తీస్తే మూడో వంతుకు తగ్గుతుంది. వివరం నాలుగింటిలోనూ ఒకే చోట ఉంటుంది, నాయిస్ మాత్రం ఒక్కోదానిలో ఒక్కో చోట ఉంటుంది కాబట్టి సగటులో అది కరిగిపోతుంది. మనుషులు, బండ్లు కదిలే చోట మాత్రం దయ్యాల నీడలు వస్తాయి. చిన్న సెన్సర్‌తో పెద్ద సెన్సర్ పని చేయించుకోవడానికి నాకు తెలిసినంతలో ఇంతకంటే నిజాయితీ గల మార్గం లేదు.

కంప్యూటర్ దగ్గర చేసే పనిలో వరుస ముఖ్యం. మొదట లెన్స్ ప్రొఫైల్ పెట్టి వంపునూ మూలల చీకటినీ తీసివేయాలి. తరువాత వైట్ బ్యాలెన్స్, ఆపైన హైలైట్లు తగ్గించి నీడలు కొద్దిగా లేపడం, ఆ తరువాతే డీహేజ్ (పొగమంచును తగ్గించే స్లైడర్). డీహేజ్‌ను ఫోటో మొత్తానికి లాగేస్తే దగ్గరి చెట్లు బొగ్గులా, ఆకాశం ముదురు నీలంగా మారతాయి. పొగమంచు దూరంలోనే ఉంది కాబట్టి గ్రేడియంట్ మాస్క్ (ప్రభావం క్రమంగా తగ్గుతూ పోయే ముసుగు) వేసి పై భాగానికి మాత్రమే 15, 20 వరకు ఇవ్వండి. దూరపు గుట్ట కొంచెం లేతగా ఉండటంలో తప్పు లేదు, దాని వల్లే ఫోటోలో లోతు తెలుస్తుంది. పచ్చరంగు విషయంలో మన వాళ్లకు చెయ్యి ఆగదు. శాచురేషన్ పెంచే బదులు, పచ్చ స్లైడర్‌ను కాస్త పసుపు వైపు జరిపి, దాని శాచురేషన్‌ను కొద్దిగా తగ్గించి, వెలుగును ఒక గీత పెంచి చూడండి, నాటు వేసిన నెలకు ఉండే వరి పచ్చదనం అచ్చంగా వస్తుంది. షార్ప్‌నెస్‌ను చివరలో, మాస్కింగ్‌తో, అంచులకే పరిమితం చేయాలి. ఆకాశానికి షార్ప్‌నెస్ అనవసరం. లైట్‌రూమ్‌కు డబ్బు పెట్టలేనివారికి డార్క్‌టేబుల్, రాథెరపీ ఉచితంగా దొరుకుతాయి, ఈ పనులన్నీ వాటిలోనూ అవుతాయి.

కృత్రిమ మేధతో పనిచేసే నాయిస్ తీసే సాధనాలను వాడటానికి నాకు అభ్యంతరం లేదు, తగు మోతాదులో అవి బాగానే పనిచేస్తాయి. ఫోటోను రెండింతలు, నాలుగింతలు పెద్దది చేసే సాధనాలతోనే జాగ్రత్తగా ఉండాలి. లేని వివరాన్ని అవి ఊహించి గీస్తాయి. వరి పొలంలో ఆకులను గీస్తే ఎవరికీ నష్టం లేదు. పానగల్లు పచ్చల సోమేశ్వరాలయం గోడ మీది శిల్పాన్ని అలా పెద్దది చేస్తే, దేవతామూర్తి ముఖం స్థానంలో ఎవరిదో ముఖం తయారవుతుంది. పెళ్లి గుంపులో దూరంగా ఉన్న మనుషుల ముఖాలకూ ఇదే గతి పడుతుంది. ఆ ఫోటో కస్టమర్ చేతికి వెళ్లకముందే వంద శాతానికి పెంచి చూసుకోవలసిన బాధ్యత మనది. మరో మాట, ఇంత చేసి ఫోటోను వాట్సాప్‌లో మామూలుగా పంపితే అది కుదించేస్తుంది. డాక్యుమెంట్‌గా పంపండి. ల్యాబ్‌కు ఎస్‌ఆర్‌జీబీ అనే మామూలు రంగుల పద్ధతిలోనే ఇవ్వండి, లేకపోతే రంగులు వెలవెలబోతాయి.

చివరగా, కొనడం గురించి. ఒక అంగుళం సెన్సర్ గాని, అంతకంటే పెద్దదైన ఫోర్ థర్డ్స్ సెన్సర్ గాని ఉన్న డ్రోన్ సంధ్యవేళల్లో మీ దానికంటే ఖచ్చితంగా మెరుగ్గా ఉంటుంది. మార్చగలిగే ఎపర్చర్ (వెలుతురు వచ్చే లెన్స్ రంధ్రం) ఉన్నవాటిలో ఎఫ్ 4, ఎఫ్ 5.6 మధ్య పదును ఎక్కువగా ఉంటుంది. ఎఫ్ 11కు పోతే కాంతి వివర్తనం వల్ల పదును తిరిగి తగ్గుతుంది. అయితే ఆ డ్రోన్లలో చాలావరకు 250 గ్రాములు దాటుతాయి. 2021 డ్రోన్ నియమాల ప్రకారం 250 గ్రాముల లోపు నానో తరగతికి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ అక్కరలేదు. అంతకు మించి 2 కిలోల వరకు ఉన్న మైక్రో తరగతికి వ్యాపారం కోసం కాకపోతేనే ఆ మినహాయింపు. మీరు చేసేది పెళ్లిళ్ల వ్యాపారం కాబట్టి సర్టిఫికెట్ ఖర్చును కూడా ధరలో కలిపి చూసుకోండి. విశిష్ట గుర్తింపు సంఖ్య మాత్రం ఏ తరగతికైనా కావాలి. ఎగరేసే ముందు ప్రభుత్వ డిజిటల్ స్కై వెబ్‌సైటు మ్యాప్‌లో ఆకుపచ్చ, పసుపు, ఎరుపు ప్రాంతాలను చూడటం అలవాటు చేసుకోండి. నాగార్జునసాగర్ ఆనకట్ట పరిసరాల్లో, ఆమ్రాబాద్ పులుల అభయారణ్యంలో, రక్షిత కోటలూ గుళ్ల వద్ద సంబంధిత శాఖ అనుమతి లేకుండా లేపవద్దు.

విదేశీ డ్రోన్ల దిగుమతిని 2022 ఫిబ్రవరిలో నిషేధించారు గనుక బయట దొరికేవాటిలో చాలావరకు వాడినవే అయి ఉంటాయి. ఎవరి దగ్గరైనా తీసుకునే ముందు బిల్లు, గుర్తింపు సంఖ్య బదిలీ అవుతుందా అన్నది చూసి, ఆ తరువాత కెమెరాను పరీక్షించండి. ప్లాస్టరింగ్ చేయని ఇటుక గోడకు ఎదురుగా పది పదిహేను మీటర్ల దూరంలో డ్రోన్‌ను నిలిపి, ఐఎస్ఓ 100లో రా ఫైలు తీసి, నాలుగు మూలలనూ వంద శాతానికి పెంచి చూడాలి. మూలలన్నీ మధ్యభాగం కంటే ఒకే తీరుగా కాస్త మెత్తగా ఉంటే ఫరవాలేదు, లెన్సులన్నీ అంతే. ఒక మూల మాత్రమే మసకగా ఉండి మిగిలిన మూడూ బాగుంటే, అది ఎప్పుడో కింద పడి లెన్స్ పక్కకు జరిగిన డ్రోన్ అయి ఉండవచ్చు. ధర ఎంత తగ్గించినా దాన్ని తీసుకోవద్దు.